బ్యాలెట్ పేపర్ మీద మనకు నచ్చిన పేరు రాస్తే చెల్లుతదా? ఖాళీగా వేస్తే లెక్కల వస్తదా?

మునుగోడు_పోరడు
అందరికీ నమస్తే. నాకు ఓటు వచ్చినంక ఇదే మొదటి పంచాయతీ ఎలక్షన్. మా ఊరి సర్పంచ్ సీటు మహిళలకు పోయింది. ఇద్దరు మాజీ సర్పంచులు వాళ్ల వాళ్ల భార్యలను నిలబెడుతున్నరు. ఆ ఇద్దరూ చెరువు మట్టి అమ్ముకున్నోళ్లే, ఒకరి టర్మ్‌ల ఒకరు. ఊరి పేరు రాస్తలేను, ఏమనుకోవద్దు.

మా దోస్తులం కొంతమందిమి అనుకుంటున్నదేందంటే, మా ఊరి మహిళా సంఘం లీడర్ ఒకామె ఉన్నది, నాకు అత్త వరస. బ్యాంకు లోను ఒక్క రూపాయి ఎగబెట్టకుండా ఇన్నేండ్లు సంఘాన్ని నడిపింది. ఆమె నిలబడతలేదు. అయినా ఆమె పేరే బ్యాలెట్ మీద రాసి వేద్దామని. టెక్సాస్‌ల ఉండే మా మేనత్త చెప్పింది, అక్కడ పోటీల లేనోళ్ల పేరు కూడా చేత్తో రాయొచ్చట. మనకు కూడా పంచాయతీకి కాగితం బ్యాలెటే కదా. రాస్తే చెల్లుతదా? చెల్లకపోతే ఖాళీగా మడిచి డబ్బాల వేస్తే, ఇంతమంది ఖాళీగా వేసిన్రు అని ఎక్కడన్న రాస్తరా? నోటా సంగతి తెలుసు. అది ఎంతమంది గుద్దినా ఆ ఇద్దర్ల ఒకరే గెలుస్తరు.

రిటైర్డ్_హెచ్చెమ్
బాబూ, సూటిగా చెబుతాను. చెల్లదు. రెండూ చెల్లవు.

నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎన్నికల డ్యూటీలు చేశాను. పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డు మెంబరుకు తెల్లది. మీ చేతికి స్వస్తిక్ గుర్తు రబ్బరు ముద్ర ఇస్తారు. ఆ ముద్ర ఒక గుర్తుకు ఎదురుగా పడాలి. ముద్ర లేకపోతే చెల్లదు, రెండు గుర్తుల మీద పడితే చెల్లదు. ఓటరెవరో తెలిసిపోయేలా పేరుగానీ సంతకంగానీ రాత గానీ ఉంటే అసలే చెల్లదు. మీరు మీ అత్త పేరు ఎంత ముత్యాల్లా రాసినా ఆమె ఖాతాలో ఒక్క ఓటు పడదు.

లెక్కింపు ఎలా ఉంటుందో చెబుతాను, అప్పుడు మీకే అర్థమవుతుంది. బల్ల మీద డబ్బా బోర్లించి, మడతలు విప్పి, ఇరవై అయిదేసి కట్టలు కడతాం. అనుమానం ఉన్నవి పక్కన పెడతాం. ఒకసారి నా చేతికి వచ్చిన బ్యాలెట్‌లో గుర్తుల పక్కన ఖాళీ చోట బాల్‌పెన్నుతో ‘మా తండాకు బస్సు లేదు’ అని ఉంది. అక్షరాలు ఒత్తి ఒత్తి రాసి ఉన్నాయి, వెనకవైపు తడిమితే వేలికి తగులుతున్నాయి. ఇద్దరు ఏజెంట్లూ చూశారు. చెల్లదని రాసి పక్క కట్టలో పెట్టాం. ఆ కట్టలోనే ముద్ర ఎక్కడ వేయాలో తెలియక గీత మీద వేసిన ముసలమ్మ ఓటూ ఉంది, కావాలని ఖాళీగా వేసిన కుర్రాడి ఓటూ ఉంది. ఫలితాల కాగితంలో ఆ మూడూ కలిసి ‘చెల్లనివి’ అనే ఒక అంకె అయిపోయాయి. ఆ తండా సంగతి అక్కడితో సరి.

ఇంకొక మాట. బ్యాలెట్ బయటికి తెచ్చి ఫొటో తీసుకుందామని ఎవరైనా అంటే వినకండి. అది నేరం.

నల్లకోటు_బెజవాడ
హెచ్చెమ్ గారు చెప్పింది పంచాయతీకి. అసెంబ్లీ, పార్లమెంటు విషయంలో ఈవీఎం వచ్చాక ఖాళీ ఓటు అనేదే లేకుండా పోయింది. ఏదో ఒక బటన్ నొక్కితేనే ఓటు నమోదవుతుంది. నోటా రాకముందు ఒకే ఒక్క దారి ఉండేది, 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49-ఓ. ఓటర్ల సంతకాలు తీసుకునే ఫారం 17-ఏ రిజిస్టర్‌లో సంతకం పెట్టాక ‘నేను ఓటు వేయను’ అని చెప్తే, ప్రిసైడింగ్ ఆఫీసరు ఆ మాట రాసి మళ్లీ సంతకమో వేలిముద్రో తీసుకునేవారు.

రిటైర్డ్_హెచ్చెమ్
అవును. 2009లో ఒక డిగ్రీ కుర్రాడు నా బూత్‌లో 49-ఓ అడిగాడు. నేను రిజిస్టర్ తిప్పి అతని వరుస ఎదురుగా రాస్తుంటే ఏజెంట్లు అందరూ మెడలు చాచి చూశారు. ఆ కుర్రాడు బయటికి వెళ్లేలోపే వాళ్ల నాన్నకు కబురు వెళ్లింది. ఊళ్లో రహస్యం అనేదే లేకుండా పోయింది ఆ పిల్లాడికి.

నల్లకోటు_బెజవాడ
సుప్రీంకోర్టు పట్టుకున్నది సరిగ్గా దాన్నే. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసు, 2004 నాటిది. 2013 సెప్టెంబరు 27న తీర్పు వచ్చింది, అప్పటి ప్రధాన న్యాయమూర్తి సదాశివం గారి బెంచి. ఓటు వేసేవాడికి రహస్యం ఉండి, వేయనన్నవాడికి లేకపోవడం అన్యాయమన్నారు. ఈవీఎంలో నోటా బటన్ పెట్టమన్నారు. ఆ ఏడాది చివర ఢిల్లీ, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మిజోరం ఎన్నికల్లో మొదటిసారి వచ్చింది.

కాకపోతే కోర్టు ఇచ్చింది రహస్యమే. ఫలితాన్ని మార్చే బలం ఇవ్వలేదు. నోటా ఓట్లు చెల్లిన ఓట్లలోకి రావు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు కావాలి కదా, ఆ లెక్కలోంచి కూడా నోటాను తీసేస్తారు. 2024లో ఇండోర్ చూడండి. కాంగ్రెస్ అభ్యర్థి ఉపసంహరణ చివరి రోజున తప్పుకుని బీజేపీలో చేరాడు. కోపంతో 2,18,674 మంది నోటా నొక్కారు. దేశంలో ఎక్కడా అంతకుముందు అంత పడలేదు. గెలిచిన ఆయన మెజారిటీ పదకొండు లక్షలు దాటింది. అదే ఎన్నికల్లో సూరత్‌లో మిగతావాళ్ల నామినేషన్లు కొన్ని తిరస్కరణకు గురై, కొన్ని వెనక్కి పోయి, ఒక్కరే మిగిలారు. ఏకగ్రీవం. పోలింగే జరగలేదు కాబట్టి అక్కడి ఓటరుకు నోటా నొక్కే అవకాశం కూడా లేదు. నాకు ఇండోర్ కన్నా సూరతే ఎక్కువ బాధ కలిగించింది.

పాడేరు_పంతులు
నోటా గురించి మా అరకు పార్లమెంటు సీటు చెప్పకుండా మాట్లాడకూడదు. 2019లో 47 వేల పైచిలుకు, 2024లో 50 వేల పైచిలుకు పడ్డాయి. టీవీల్లో ‘గిరిజనుల ఆగ్రహం’ అన్నారు. కొంత నిజమే. డోలీలో గర్భిణిని మోసుకెళ్లే ఊళ్లలో ఆగ్రహం ఎందుకు ఉండదు? కానీ నేను ఇక్కడే పనిచేస్తున్నాను, ఇంకొకటి కూడా చూశాను. చదువు రాని పెద్దవాళ్లు చాలామంది గుర్తుల మధ్య తికమకపడి చివరి బటన్ నొక్కేస్తారు. చివరన ఉండేది నోటాయే. మరి ఆ 50 వేలల్లో కోపం ఎంత, తికమక ఎంత? ఆ అంకె చూసి ఎవరూ చెప్పలేరు. మా ఊరి రోడ్డు అడిగినవాడి నోటా, గుర్తు కనబడని అవ్వ నోటా ఒకేలా ఉన్నాయి. ఇందాక హెచ్చెమ్ గారు చెప్పిన చెల్లని కట్ట లాగే.

ఫ్రిస్కో_తెలుగు
మేనత్త గారు టెక్సాస్ అన్నారు కాబట్టి నేను చెప్పగలను, నేనూ ఇక్కడి ఓటరునే.

పేరు రాయొచ్చు, నిజమే. కానీ టెక్సాస్‌లో ఎవరి పేరు పడితే వాళ్ల పేరు రాస్తే లెక్కపెట్టరు. ‘నా పేరు రాసినా ఓట్లు లెక్కించండి’ అని ముందుగా ప్రకటన దాఖలు చేసినవాళ్ల ఓట్లే లెక్కిస్తారు. ఆ జాబితా పోలింగ్ కేంద్రంలో అంటించి ఉంటుంది. అంటే మీ అత్తగారు ఇక్కడ ఉన్నా సరే, ముందుగా వెళ్లి కాగితం ఇవ్వాల్సిందే. కొన్ని రాష్ట్రాల్లో అసలు పేరు రాసే గడే ఉండదు. హవాయిలో ఒక ఓటరు దీని మీద కోర్టుకు వెళ్తే, 1992లో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రానికి అనుకూలంగానే తీర్పు ఇచ్చింది.

చేతిరాత పేరుతో గెలిచిన పెద్ద ఉదాహరణ అలాస్కా. 2010లో సెనేటర్ లీసా మర్కౌస్కీ సొంత పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓడిపోయారు. నవంబరు ఎన్నికలో తన పేరు రాయమని జనాన్ని అడిగారు. ఆ ఇంటిపేరు రాయడం కష్టం. అందుకని చేతికి కట్టుకునే పట్టీల మీద పేరు అచ్చువేసి పంచారు, బూత్‌లో చూసి రాసుకోవడానికి. ప్రత్యర్థి మనుషులు ఒక్కో బ్యాలెట్ మీద అక్షరదోషం చూపించి వద్దన్నారు. చివరికి కోర్టు ఓటరు ఉద్దేశం తెలిస్తే చాలంది. ఆమె గెలిచారు. కానీ గమనించండి, ఆమె పోటీలో లేని మనిషి కాదు. డబ్బు, మనుషులు, ప్రచారం అన్నీ పెట్టి పోటీ చేసిన మనిషి.

నెవాడాలో 1975 నాటి చట్టంతో ‘వీళ్లలో ఎవరూ కాదు’ అనే గడి ఉంది. 2024 ఫిబ్రవరిలో రిపబ్లికన్ ప్రైమరీలో, అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీపడ్డ నిక్కీ హేలీ కన్నా ఆ గడికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. అక్కడ కూడా ఆ గడికి పదవి ఇవ్వరు, దాని తర్వాత ఉన్నవాళ్లకే ఇస్తారు. అదే నెలలో మిషిగన్‌లో డెమోక్రాటిక్ ప్రైమరీలో లక్ష మందికి పైగా ‘ఎవరికీ కట్టుబడలేదు’ అని గుర్తు పెట్టారు. గాజాలో యుద్ధం ఆపమని అడిగే ఓటు అది. దానికి ముందు ఇంటింటికీ తిరిగి ఎందుకో చెప్పారు కాబట్టి, ఆ అంకె దేనికోసమో మర్నాడు పేపర్లన్నీ రాశాయి. నేను దానికి ఓటు వేసే రాష్ట్రంలో లేను, కానీ ఆ పద్ధతి నాకు నచ్చింది.

గుంటూరు_బాబాయ్
ఇవన్నీ వింటుంటే నాకొకటే అనిపిస్తోంది. ఇద్దరిలో కాస్త తక్కువ చెడ్డ ఎవరో చూసి వాళ్లకు వేయండయ్యా. ఓటు పారేసుకుంటే ఎక్కువ చెడ్డవాడు గెలుస్తాడు. మా పక్క ఊళ్లో పంచాయతీ పద్దెనిమిది ఓట్ల తేడాతో పోయింది.

కొండమల్లేపల్లి_పెద్దాయన
గుంటూరు బాబాయ్ మాటల తప్పు లేదు. కానీ ఇద్దరూ సమానంగా దోచుకున్నోళ్లు అయినప్పుడు ఆ త్రాసు పనిచెయ్యదు.

మునుగోడు తమ్ముడూ, నువ్వు ఏ గడ్డ మీద పుట్టినవో నీకు ఎవరన్న చెప్పిన్రో లేదో. 1996 సంగతి చెప్త, విను.

నాగార్జునసాగర్ మన జిల్లాలనే ఉన్నది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు దిక్కు మాత్రం బోరు నీళ్లే తాగినం. ఆ నీళ్లల్ల ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మా దిక్కు బోర్లల్ల దానికి ఎన్నోరెట్లు ఉండేది. పండ్లకు గార పట్టేది, అది చిన్న ముచ్చట. నడుం వంగి లేవరాని వాళ్లు, కాళ్లు దొడ్డికాళ్లయి ఎదగని పిల్లలు ప్రతి వాడల ఉండిరి. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టుకున్నరు. నల్లగొండకు మాత్రం కృష్ణ నీళ్లు రాలేదు.

దుశర్ల సత్యనారాయణ అని, బ్యాంకు కొలువు విడిచిపెట్టి జలసాధన సమితి పెట్టిండు. పాదయాత్రలు, ధర్నాలు, ఢిల్లీ పోవుడు అన్నీ అయినయి. ఆఖరికి అనుకున్నది ఏందంటే, ఓటు వెయ్యకుంట ఇంట్ల కూసుంటే ఎవరికీ కనపడం, అందరం నామినేషన్లు వేద్దామని. అప్పుడు పార్లమెంటుకు డిపాజిట్ 500 రూపాయలే. నల్లగొండ సీటుకు 480 మంది బరిల నిలిచిన్రు. బ్యాలెట్ పేపరు అంటే ఒక పుస్తకం అచ్చువేసిన్రు. పోలింగ్ వాయిదా పడ్డది. ముసలోళ్లు బూత్‌ల ఆ పుస్తకం తిప్పుకుంట తిప్పుకుంట గుర్తు ఎతుకుతుంటే బయట లైన్ కదలకపోయేది. గెలిచింది సీపీఐ బొమ్మగాని ధర్మభిక్షం గారే, అంతకుముందు కూడా ఆయనే ఎంపీ. ఆయన మీద కోపంతోని కాదు మేము నిలవడ్డది. దాదాపు అందరికీ డిపాజిట్లు పోయినయి. పోతయని తెలిసే కట్టినం. కానీ నల్లగొండ నీళ్ల ముచ్చట ఆ పుస్తకంతోని దేశమంతా పోయింది.

నల్లకోటు_బెజవాడ
పెద్దాయన గారూ, దాని తర్వాత జరిగింది కూడా చెప్పాలి. అదే 1996లో తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు రైతులు కలిసి 1,033 మంది నిలిచారు, బెళగావి పార్లమెంటుకు 456 మంది. ఆ ఏడాదే చట్టం మార్చారు. పార్లమెంటు డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది. స్వతంత్రులను ప్రతిపాదించడానికి ఒక్కరు కాదు, పది మంది ఓటర్లు కావాలన్నారు. 2009 తర్వాత డిపాజిట్ 25,000. నీళ్లు అడిగితే ముందుగా వచ్చింది డిపాజిట్ పెంపు. ఒక వకీలుగా నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు. తేలికగా నామినేషన్లు వేసేవాళ్లను ఆపడానికని చెప్పారు. ఆగింది నిజంగా అవసరం ఉన్న పేదవాళ్లు.

పసుపు_కొమ్ము_ఆర్మూర్
ఆగలేదు సార్. 25,000 కట్టి కూడా నిలవడ్డం.

2019 ఫిబ్రవరిల ఎర్రజొన్నకు, పసుపుకు ధర లేక మామిడిపల్లి చౌరస్తల హైవే మీద కూసున్నం. పసుపు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 అడిగినం, పసుపు బోర్డు అడిగినం. ఎవరూ పట్టించుకోలే. ఊరూరికి చందాలు వేసుకుని నిజామాబాద్ పార్లమెంటుకు నామినేషన్లు వేసినం. మొత్తం 185 మంది అభ్యర్థులు, అండ్ల 178 మంది రైతులమే. పాత ఈవీఎంలు అరవై నాలుగు పేర్లకే సరిపోతయి. అందుకని కొత్త రకం మిషన్లు తెచ్చిన్రు. ఒక్కొక్క బూత్‌ల పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టిన్రు, బల్లలు మూలకు తిప్పి. పెద్ద పార్టీలోళ్లు మొదటి మిషన్ల, మేము అక్కడి నుంచి చివరిదాక. నోటా పన్నెండో మిషన్ల పదో బటన్. మా అమ్మ పోయి నా పేరు ఎక్కడుందో ఎతికి ఎతికి, మిషన్ నంబరు నేను చీటీ మీద రాసిచ్చినా, చానాసేపు నిలబడ్డది లోపట.

మేమెవ్వరం గెలవలే. కానీ అప్పటి ఎంపీ కవిత గారు ఓడిపోయిన్రు, బోర్డు తెస్తనని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన అర్వింద్ గారు గెలిచిన్రు. ఐదు రోజులల్ల తెస్తనన్న బోర్డు రాలే. 2023 అక్టోబరు 1న పాలమూరు సభల ప్రధాని ప్రకటించిన్రు, 2025 సంక్రాంతికి నిజామాబాద్ కేంద్రంగా బోర్డు మొదలైంది. బోర్డు వచ్చుడు వేరు, ధర వచ్చుడు వేరు. ధర కోసం ఇంక కొట్లాడుతున్నం. అయినా ఒక మాట చెప్త. మా ఊళ్ల ఆ ఎలక్షన్ల మేమందరం నోటా గుద్దితే, ‘నిజామాబాద్‌ల నోటా కొంచెం ఎక్కువ’ అని ఒక లైన్ రాసి మర్చిపోతుండిరి. బరిల పేరు ఉన్నది కాబట్టి పసుపు అనే మాట అందరి నోట్ల పడ్డది.

పాడేరు_పంతులు
పసుపు కొమ్ము అన్నా, మీకు ఊరి కమిటీలు ఉన్నాయి, చందా వేసుకునే శక్తి ఉంది. మా దగ్గర రిజర్వు సీటుకు కూడా 12,500 డిపాజిట్. కూలికి వెళ్లే మనిషికి అది ఎన్ని నెలల తిండి? అలాంటివాళ్లకు నోటా ఒక్కటే పైసా ఖర్చు లేనిది. దాన్ని పనికిరానిదని కొట్టిపారేయకండి. దానికి బలం ఇవ్వమని అడగండి.

నల్లకోటు_బెజవాడ
పంతులు గారితో ఏకీభవిస్తాను. బలం ఇచ్చిన చోట్లు ఉన్నాయి. 2018లో మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు స్థానిక ఎన్నికల్లో నోటాను ఒక అభ్యర్థిగా లెక్కించాలన్నాయి. నోటాకే ఎక్కువ వస్తే మళ్లీ ఎన్నిక. హర్యానా ఇంకో మెట్టు ఎక్కి, నోటా కన్నా తక్కువ తెచ్చుకున్నవాళ్లు మళ్లీ నిలబడకూడదంది. బయట కొలంబియా ఉంది. అక్కడ ఖాళీ ఓట్లకు సగానికి పైగా వస్తే ఎన్నిక రద్దు, పాత అభ్యర్థులు తిరిగి రాకూడదు. 2011లో బెల్లో అనే పట్టణంలో మేయర్ పదవికి ఒక్కరే నిలిస్తే జనం ఖాళీ ఓటుతో ఓడించి, మళ్లీ ఎన్నిక పెట్టించారు. సూరత్ ఓటరుకు దొరకనిది సరిగ్గా అదే. ఫ్రాన్స్ మాత్రం 2014 నుంచి ఖాళీ ఓట్లను చెల్లని వాటి నుంచి విడదీసి లెక్కపెడుతోంది, ఫలితంలో కలపదు. కనీసం ఆ మాత్రం ఇక్కడ చేసినా, తండాకు బస్సు అడిగినవాడు ముసలమ్మ పొరపాటుతో కలిసిపోడు.

గుంటూరు_బాబాయ్
అభ్యర్థి ఒక్కరే ఉన్నా ఓటింగు పెట్టి నోటాతో తేల్చమనడం నాకూ సబబే అనిపిస్తోంది. మా జిల్లాలో ఏకగ్రీవాలు ఎలా అవుతాయో అందరికీ తెలుసు. ఇద్దరున్నప్పుడు మాత్రం నా మాట నాదే.

మునుగోడు_పోరడు
1996 ముచ్చట మా తాత ఎప్పుడన్న అంటుంటే పెద్దగా పట్టించుకోలే. మొత్తం ఇప్పుడే తెలిసింది. హెచ్చెమ్ సార్, ఒక్కటి అడుగుత. పేరు రాసుడు చెల్లనప్పుడు, మా అత్తనే నిలబెట్టాలంటే ఎంత ఖర్చు, ఏమేం కాగితాలు? ఆమె వద్దంటది, ‘ఆళ్లతోని మనకెందుకు బిడ్డా’ అంటది. సంఘంల ఆడోళ్లందరు పోయి అడిగితే ఒప్పుకుంటదేమో.

పసుపు_కొమ్ము_ఆర్మూర్
ఆమెను ఒంటరిగా పంపకు తమ్మీ. నామినేషన్ రోజు సంఘం మొత్తం ఎంబడి పోవాలె. మమ్మల్ని ఒక్కొక్కరిని పిలిచి విత్‌డ్రా చేసుకోమని చానా బతిమిలాడిన్రు, బెదిరించిన్రు. అందరం ఒక్క దగ్గర ఉన్నం కాబట్టి నిలవడ్డం. ఉపసంహరణ గడువు అయ్యేదాక ఆమె ఇంటికాడ ఎవరో ఒకరు ఉండండ్రి.

రిటైర్డ్_హెచ్చెమ్
సర్పంచ్‌కు డిపాజిట్ జనరల్ వాళ్లకు రెండు వేలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు వెయ్యి. మీరంతా తలా వంద వేసుకుంటే సరిపోతుంది. ప్రతిపాదించే మనిషి మీ ఊరి ఓటరై ఉండాలి. ఆస్తులు, కేసులు తెలిపే ప్రమాణపత్రం ఉంటుంది, సాక్షుల సంతకాలతో. ఇంటి పన్ను బకాయి ఉంటే ఈరోజే కట్టించి రశీదు తీసుకోండి, దాని మీద అభ్యంతరం పెట్టేవాళ్లు ఉంటారు. ఆమె పేరు, ఇంటిపేరు ఓటర్ల జాబితాలో ఎలా ఉందో నామినేషన్‌లోనూ అలాగే, అక్షరం మారకుండా ఉండాలి. ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది ఇంకొకచోట ఉండి పరిశీలన రోజున ఇబ్బంది పడటం నేను చూశాను. జాబితా పంచాయతీ ఆఫీసులో గోడకు అంటించి ఉంటుంది. మొదట వెళ్లి అది చూసి, ఆమె వరుస సంఖ్య రాసుకుని రండి. మిగతా ఫారాలు ఎలా నింపాలో ఇక్కడే అడగండి, ఒక్కొక్కటీ చెబుతాను.